నేను ఎగిరిన దూరం

మా ఆయనకు సైన్సు పిచ్చి అని పెళ్ళికి ముందే చెప్పారు. ఎంత పిచ్చో మాత్రం చెప్పలేదు.

వాకాడుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఒక మిషను స్కూలు ఉండేది. ఆయన అందులో సైన్సు మాస్టరు. నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరుని. మా పెళ్ళయిన ఏడాదే రష్యావాళ్ళు ఆకాశంలోకి కుక్కను పంపారు. మూడు రోజులు ఆలస్యంగా మా ఊరికి చేరిన పేపర్లో ఆ వార్త చదివి మా ఆయన అన్నం మధ్యలో ఆపేశారు. చేతికి మెతుకులు ఎండిపోతున్నా గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

“కుక్కే పోయినప్పుడు మనిషి పోలేడా?” అన్నారు చివరికి.

“పోవచ్చు. ముందు అన్నం తినండి,” అన్నాను.

ఆయన ఆశ మరీ ఆకాశమంత పెద్దది కాదు. పాదాలు రెండూ నేలను వదిలి, తన సొంత బలంతో కొంత దూరం గాలిలో పోతే చాలు. అందుకు ఆయన దగ్గరున్న సామానల్లా ఒక సైకిలు, ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి చింపి దాచుకున్న నాలుగు బొమ్మలు, నేను.

సైకిలు విప్పేశారు. పెడలు తొక్కితే గొలుసు తిరిగి, ఆ గొలుసుతో వెనక రేకుతో చేసిన పెద్ద ఫ్యాను తిరిగేలా అమర్చారు. రెండు పక్కలా వెదురుబద్దల రెక్కలు. వాటికి గుడ్డ తొడగడం నా వంతు. గూడూరు నుంచి మల్లుగుడ్డ తెప్పించి, స్కూలు కుట్టుమిషను మీద ఎనిమిది సాయంత్రాలు కుట్టాను. ఆయన పక్కనే స్కేలు పట్టుకుని నిలబడేవారు. రెక్క బల్లలా చదునుగా ఉండాలట, ఒక్క ముడత కనిపించకూడదట. గుడ్డలోంచి గాలి దూరిపోకుండా చిక్కటి గంజి పట్టించి పెరట్లో ఆరబెట్టాం. మర్నాడు పొద్దున చూస్తే పక్కింటివాళ్ళ దూడ కుడి రెక్కను మూరెడు మేర నాకి, నమిలి, మింగేసి, ఎడమ రెక్క వైపు నడుస్తోంది. నేను అదిలించిన పాపానికి పక్కింటావిడ గోడ మీదుగా మా మీదికే వచ్చింది.

“మా దూడకు కడుపునొప్పి వస్తే ఎవురు చూసుకుంటారు?” అంది.

మా ఆయన ఆమెకు క్షమాపణ చెప్పి, నాకు మాసిక వేయమని చెప్పి, స్కూలుకు వెళ్ళిపోయారు.

మా ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టంత ఎత్తున ఇసుక దిబ్బ ఉండేది. సముద్రం వైపు అది కాస్త వాలుగా దిగి, ఆపైన నీళ్ళదాకా చదునైన ఇసుకే. దిబ్బ పక్కనే చేపలు పట్టేవాళ్ళ పాలెం. అక్కడ తాటాకు పందిరి కింద పడవలు చేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. అరవై ఏళ్ళుంటాయి. నోట్లో ఎప్పుడూ పొగచుట్ట, ఎక్కువసార్లు ఆరిపోయినదే. మేము యంత్రాన్ని తోసుకుంటూ మొదటిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు ఆయన ఉలి పక్కన పెట్టి లేచి వచ్చారు.

“ఏంది సారూ ఇది?”

“విమానం.”

“ఎగరతాదా?”

“తప్పకుండా.”

పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు. రెక్క మీద గోటితో కొట్టి చూశారు. ఆ గంజికి అది డప్పులా మోగింది. “మా చినిగిపోయిన తెరచాప వీపుకు కట్టుకోని దూకినా దీనికంటే దూరం పోతాం సారూ,” అన్నారు, చాలా మర్యాదగా.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “అయితే దూకి చూపించండి.”

“చూపించినామంటే?”

అప్పటికే పాలెం మగవాళ్ళు పదిమంది మూగారు. మాటామాటా పెరిగేదే. సాయంత్రం నడకకు వచ్చిన మా చర్చి అయ్యగారు ఆ గుంపు చూసి అటు వచ్చారు. ఆయన ఆరడుగుల పొడగరి, మాట నెమ్మది. ఇద్దరి వాదనా విని కాసేపు ఆలోచించారు. మార్చిలో మా చర్చికి కోతల పండుగ. ఏటా గోనెసంచి పందెం, తాడు లాగుడు పెట్టేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి అన్ని మతాలవాళ్ళూ చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఈ మధ్య ఆ ఆటలు ఎవరికీ రుచించడం లేదని అయ్యగారికి దిగులు.

“పండుగనాడు ఇద్దరూ ఎగరండి. ఎక్కువ దూరం పోయినవాళ్ళకు పొట్టేలు,” అన్నారాయన.

పొట్టేలు అనేసరికి ఆ పదిమంది మొహాలూ వెలిగిపోయాయి. పోటీ అలా ఖాయమైంది.

ఆ మొదటి ఏడు పోటీ సంగతి మా ఆయన బతికున్నంత కాలం నేను నలుగురిలో చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చు. దిబ్బ కొనన యంత్రం ఎక్కి ఆయన పెడలు తొక్కారు. ఫ్యాను తిరిగింది. ఆ చప్పుడుకు కుక్కలు పరుగెత్తాయి, వెనక నిలబడ్డ పెద్దమనుషుల కళ్ళల్లోకి ఇసుక కొట్టింది. యంత్రం కదిలింది, దిగింది, ఇంకా దిగింది. నేలను వదిలే ఆలోచన దానికి ఎక్కడా వచ్చినట్టు లేదు. దిబ్బ అడుగుకు రాగానే ముందు చక్రం ఇసుకలో దిగబడింది. యంత్రం ఆగింది. మా ఆయన ఆగలేదు. హ్యాండిలు మీదుగా ఎగిరి అంత దూరాన పడ్డారు.

అయ్యగారు వంగి చూసి, “సారును కొలవాలా, విమానాన్ని కొలవాలా?” అని అడిగారు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగారు.

తరువాత పాలెం వాళ్ళ వంతు. పెద్దాయన అల్లుడు సన్నగా, సరుగుడు కర్రలా ఉండేవాడు. రెండు వెదుళ్ళకు పాత తెరచాప కట్టి, ఆ వెదుళ్ళు చంకల కింద పెట్టుకుని, సముద్రపు గాలికి ఎదురుగా పరుగెత్తి దూకాడు. తెరచాప ఉబ్బింది. అతని కాళ్ళు గాలిలో కొట్టుకున్నాయి. దిగాడు, మళ్ళీ లేచాడు, దిగాడు, మళ్ళీ లేచాడు. పాలెంలో దూరాలన్నీ బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొననుంచి ఆ కొనకు ఒక బార. పెద్దాయన తన చేతులతో కొలిచి ముళ్ళు వేసిన వలతాడు పరిచారు. తొమ్మిది బారలు.

“అది ఎగరడం కాదు, కప్పగంతులు!” అన్నారు మా ఆయన, నోట్లోని ఇసుక ఉమ్ముతూ.

పొట్టేలు పాలేనికే వెళ్ళింది. ఆ రాత్రికే గిన్నెడు కూర మా ఇంటికి పంపారు. మా ఆయన ముట్టలేదు. నేను తిన్నాను. చాలా బాగుంది.

మర్నాడే ఆయన కాగితం మీద ఒక నిబంధన రాసి అయ్యగారి దగ్గరికి పట్టుకెళ్ళారు. ఇక మీదట ఏ కాలు మొదట నేలకు తగిలితే అక్కడికే కొలత. ఆ తరువాతి గంతులు లెక్కలోకి రావు. అయ్యగారు సంతకం పెట్టారు. పెద్దాయన వేలిముద్ర వేసి, “మంచిదే సారూ, తకరారు ఉండదు,” అన్నారు.

అంతటితో మా ఆయన నెల్లాళ్ళు దిబ్బవైపు పోలేదు. సైకిలును మళ్ళీ సైకిలుగా బిగించుకున్నారు. రెక్కలు మాత్రం వసారాలో ఉండిపోయాయి. నేను రోజూ వాటి కింద ఊడుస్తూ, ఆ పాత తెరచాప ఎట్లా ఉబ్బిందో ఆలోచించేదాన్ని. కుట్టుపని చేసేదాన్ని కదా. చినిగి, మాసికలు పడ్డ గుడ్డ గాలికి అంత అందంగా నిండితే, నేను అంత జాగ్రత్తగా కుట్టింది అట్టముక్కలా ఎందుకు ఉండిపోయింది? నాకు అది అవమానంగా తోచింది. ఒక శనివారం మా ఆయనకు చెప్పకుండా పాలేనికి వెళ్ళాను.

పెద్దాయన భార్య గుడిసె ముందు కాళ్ళు చాపుకుని తెరచాప కుడుతోంది. చేతిలో బారెడు దారం, అరచేతికి తోలు పట్టీ. పక్కన చోటు చూపించింది. నేనెందుకు వచ్చానో విని నవ్వింది.

“మీ గుడ్డకు బొజ్జ లేదు, బిడ్డా,” అంది.

“బొజ్జా?”

“చాపకు బొజ్జ ఉండాల. బొజ్జ లేని చాప గాలి తాగదు. ఇట్టా చూడు.” రెండు గుడ్డ పట్టీలను పక్కపక్కన పెట్టి, నడుమ వెడల్పుగా, కొసల్లో సన్నగా మడిచి చూపించింది. అంచులు తిన్నగా కలిపి కుడితే నడుమ గుడ్డ దానంతటదే లోతుగా పడింది. రవిక కుట్టేటప్పుడు మేము చేసే పనే అది! రోజూ ఆడపిల్లలకు నేర్పే కుట్టే! అది రెక్కకు పనికొస్తుందని నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. సైన్సు ప్రకారం అట్లా కుదరదన్నారు. నేను వాదించలేదు. చీపురుపుల్లలతో, పాత రవికగుడ్డతో జానెడు బొమ్మలు రెండు చేశాను. ఒకటి చదునుది, ఒకటి బొజ్జది. స్కూలు వదిలాక ఇద్దరం వసారా మెట్ల మీద నిలబడి వాటిని వదిలాం. చదునుది మెట్ల కిందే బోర్లా పడింది. బొజ్జది నెమ్మదిగా తేలుకుంటూ ఆవరణ దాటి, స్కూలు గంటకు తగిలి, ‘టింగ్’మనిపించి కింద పడింది.

మా ఆయన వెళ్ళి దాన్ని తీసుకొచ్చి, వెలుగుకు పట్టి చూశారు. వేలితో దాని బొజ్జ నొక్కి, “బొజ్జ పెట్టు,” అన్నారు.

ఈసారి సైకిలు లేదు, ఫ్యాను లేదు. వెదుళ్ళు, గుడ్డ, తోక, చంకల కింద పట్టుకోవడానికి రెండు కర్రలు. గంజికి బదులు చింతగింజల జిగురు పూశాం. దూడ వాసన చూసి వెళ్ళిపోయింది. రెక్కల రెండు కొసలకూ తాళ్ళు కట్టి ఇద్దరు లాగుతూ పరుగెత్తాలి. పైన ఉన్న మనిషి లేవగానే తాళ్ళు వదలాలి. స్కూల్లో డ్రిల్లు మాస్టరూ, వాచ్‌మనూ సాయానికి వచ్చేవాళ్ళు.

యంత్రం మంచిదే. మనిషే బరువు. రైసుమిల్లు కాటా మీద తూగితే మా ఆయన ఆరు మణుగులు. పెళ్ళినాడు ఐదు. ఆ మధ్యలో వచ్చిన మణుగు నా వంట. రోజూ సాయంత్రం దిబ్బ మీద నుంచి దూకడం, మూడు నాలుగు బారలు పోయి పిర్రల మీద కూలబడటం. నేను దిండు కుట్టి నడుముకు కట్టాను. దిండు కట్టాక ఆయన ఇంకో వీశె బరువెక్కారు.

ఒక సాయంత్రం ఆయన అలాగే పడి, నడుము పట్టుకుని ఇసుకలో కూర్చున్నారు. మిగిలిన ఇద్దరూ ఆయన్ని లేవదీస్తున్నారు. రెక్కలు కొట్టుకుపోకుండా నేను వాటి కింద దూరి, కర్రలు చంకన పెట్టుకుని దిబ్బ పైకి మోసుకెళ్ళాను. పైకి చేరి సముద్రం వైపు తిరిగానో లేదో, ఒక పెద్ద గాలి వచ్చింది. నా కాళ్ళ కింద ఇసుక లేదు. “ఏమండీ!” అని అరిచాను. ఆయన తల ఎత్తి చూసేసరికి నేను ఆయన నెత్తి మీదుగా పోతున్నాను. అవతల ఇసుకలో మోకాళ్ళ మీద దిగాను. చెప్పులు దిబ్బ మీదే ఉండిపోయాయి.

మా ఆయన నడుంనొప్పి మరిచి పరుగెత్తుకొచ్చారు. దెబ్బ తగిలిందా అని అడుగుతారనుకున్నాను.

“నువ్వు ఎంత తూగుతావు?” అన్నారు.

మూడున్నర మణుగులు తూగాను.

ఊరంతా గుసగుసలు మొదలయ్యాయి. టీచరమ్మ దిబ్బ మీద నుంచి దూకుతోందంట, కాపురంలో ఏం కష్టమో పాపం, అని కూడా ఒకావిడ అందట. అయ్యగారి అనుమతి అడగక తప్పలేదు.

“ఆడవాళ్ళు ఎగరకూడదని ఎక్కడైనా రాసి ఉందా అయ్యగారూ?” అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. “ఎగరమని కూడా ఎక్కడా రాసిలేదమ్మా,” అన్నారు. మళ్ళీ ఆలోచించి, “చీర మాత్రం గట్టిగా కట్టుకో,” అన్నారు.

చీర కట్టు పెద్దాయన భార్యే నేర్పింది. పాలెంలో ఆడవాళ్ళు వలలు లాగేటప్పుడు కట్టుకునే గోచికట్టు. ఎదుటి పక్షంవాళ్ళకు సాయం చేస్తున్నానన్న ఆలోచనే ఆమెకు లేదు. “జారిపోతే మొగోళ్ళు పోటీ చూడరు, నిన్నే చూస్తారు,” అని బిగించి ముడేసింది.

పండుగనాడు గాలి బ్రహ్మాండంగా ఉంది. పాలెం వాళ్ళు ముందు ఎగిరారు. ఆ ఏడు వాళ్ళూ తోక పెట్టారు. పెద్దాయన అల్లుడు ఒక్క గంతూ లేకుండా నేరుగా పోయి దిగాడు. ఇరవై నాలుగు బారలు. పాలెమంతా కేకలు. తరువాత నేను దిబ్బ కొనన నిలబడ్డాను. కింద వందలాది మొహాలు. నా క్లాసు పిల్లలు ముందు వరసలో ఉన్నారు. మా ఆయన దగ్గరికి వచ్చి ఏదో ధైర్యం చెబుతారనుకుంటే, “ముక్కు పైకెత్తకు,” అన్నారు. యంత్రం ముక్కు సంగతని నాకు తరువాత అర్థమైంది. నేను తల వంచుకునే పరుగెత్తాను.

తాళ్ళు లాగారు. నాలుగడుగులు, ఐదు, అంతే. నేల పోయింది.

అందరూ అడుగుతారు, ఎట్లా ఉంటుందని. ముందుగా చప్పుడు ఆగిపోతుంది. కింద అంతమంది నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, నాకు మాత్రం గుడ్డ కొట్టుకునే చప్పుడొక్కటే. మనుషులు పాపిడులుగా మారిపోతారు. మా అయ్యగారి నడినెత్తిన అరచేయంత బట్టతల ఉందని ఆ రోజే తెలిసింది. అంత పొడగరి తల మీద ఏముందో అంతకుముందు ఊళ్ళో ఎవరికీ తెలియదు. అది చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎగిరాను.

నవ్వుతుండగా యంత్రం కిందికి వాలింది. ఎదురుగా ఊదాపూల తీగ అల్లుకున్న చిన్న ఇసుక గుట్ట. నా ఎడమకాలి వేళ్ళు దానికి తగిలాయి. మెత్తగా, చల్లగా. ఆలోచించలేదు, తన్నాను. అదే క్షణంలో గాలి కూడా పైకి లేపింది. మళ్ళీ తేలాను. ఇంకా పోయి, తడి ఇసుక దగ్గర దిగాను.

జనం ఎగబడ్డారు. ఆడపిల్లలు నన్ను చుట్టేశారు. ఎవరో తాడు పరిచారు. “ముప్పై ఒకటి!” అని అరిచారు. డ్రిల్లు మాస్టరు ఈల ఊదుతూనే ఉన్నారు. ఆ గుంపు కాళ్ళ కింద పూలతీగా, గుట్టా, నా వేళ్ళ గుర్తూ అన్నీ చదునైపోయాయి. అయ్యగారు పొట్టేలు తాడు పట్టుకుని నా వైపు వస్తున్నారు. పాలెం వాళ్ళు ఒక పక్కన తమ తెరచాప చుట్టుకుంటున్నారు. పెద్దాయన భార్య మాత్రం నా వైపు చూసి, నేను తన సొంత కూతురినైనట్టు నవ్వుతోంది.

ఆ నవ్వు లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

“అయ్యగారూ, నా కాలు తగిలింది,” అన్నాను.

“ఎక్కడమ్మా? దెబ్బ తగిలిందా?”

“దెబ్బ కాదండీ. నేలకు తగిలింది. నడుమ. ఆ గుట్ట దగ్గర. తన్ని మళ్ళీ లేచాను.”

గుట్ట ఉన్న చోటు నేనే చూపించాను. పెద్దాయన వచ్చి, వంగి, తెగిపోయిన తీగలు పక్కకు తీసి, తాడు తనే మళ్ళీ పరిచారు. రెండుసార్లు కొలిచారు. మాకు ఎక్కువ రావాలని ఆయనే కోరుకుంటున్నట్టు తాడు కొస ముందుకు జరిపి చూశారు. ఇరవై రెండు. పాలేనికంటే రెండు బారలు తక్కువ.

“సారు రాసిన రూలే కదా,” అని ఎవరో మెల్లగా అన్నారు. నవ్వు ఆపుకోలేక కొందరు పక్కకు తిరిగారు.

ఇంటికి పోతుంటే మా ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచారు. పొద్దు వాలుతోంది. పొలాల గట్ల మీద మా నీడలు మాకంటే ముందు పోతున్నాయో వెనక వస్తున్నాయో కూడా చూడలేదు నేను. కోపం వచ్చిందనే అనుకున్నాను. అంత కష్టపడి, అంత నవ్వులపాలై, ఆఖరికి చేతికొచ్చిన గెలుపును పెళ్ళామే పారేసింది మరి.

“నీ కాలు తగలడం ఎవరూ చూడలేదు,” అన్నారు సగం దారిలో.

“నాకు తెలుసు కదండీ.”

ఇంకొంత దూరం నడిచాం. కాలువ దగ్గర ఆయన ఆగిపోయారు. “నేను చూశాను,” అన్నారు. “కిందనే పరుగెత్తుతున్నాను. తీగ మీద నీ వేళ్ళు స్పష్టంగా చూశాను. వాళ్ళు ముప్పై ఒకటి అని అరుస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ రూలు రాసింది నేనే.”

ఆయన మొహం, పరీక్షలో కాపీ కొట్టి దొరికిన కుర్రాడి మొహంలా ఉంది. నవ్వకూడదని చాలా ప్రయత్నించాను. చేతకాలేదు. ఆయన ముందు ఉడుక్కుని, తరువాత తనూ నవ్వారు. కాలువ గట్టున కూర్చుని ఇద్దరం నవ్వుతుంటే, అటు వెళ్తున్న బండివాడు ఎద్దుల్ని ఆపి, “గెలిచినారా సారూ?” అని అడిగాడు.

“ఓడిపోయాం,” అన్నారు మా ఆయన.

ఆ తరువాతి జనవరిలో ఒక ఆదివారం పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఉతికిన పంచె కట్టుకుని, పొగచుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుని, వసారాలో కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వానల గురించి మాట్లాడారు.

“మా అల్లుడికి కవలలు పుట్టినారు సారూ,” అన్నారు తరువాత.

“సంతోషం.”

“నా కూతురు వాణ్ణి దిబ్బ ఎక్కనీదంట. ఎగిరేదానికి మనిషి లేడు. పాలెంలో ఉండే మొగోళ్ళంతా దున్నపోతుల మాదిరి ఉండారు.” ఆయన నా వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూశారు. “టీచరమ్మను ఈ ఏడు మా దాని మీద ఎగరమని అడిగేదానికి వచ్చినా. తప్పయితే తప్పని చెప్పండి, పోతా.”

మా ఆయన మొహంలో ఎన్ని రంగులు మారాయో! నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళినట్టు నటించి తలుపు వెనక నిలబడ్డాను.

“ఆమె మాకు ఎగరాలి కదా పెద్దాయనా,” అన్నారు మా ఆయన.

“ఆమెను అడిగితే తెలిసిపోతాది కదా సారూ.”

నేను బయటికి వచ్చాను. అబద్ధం చెప్పను, పోయినేడు పాలెం వాళ్ళ రెక్కలు చూసినప్పటినుంచి వాటి కింద దూరాలని నాకు ఆశగా ఉంది. ఆ కుట్టు, ఆ బొజ్జ, ఆ పనితనం మాది కాదు. “మీరు ఒప్పుకుంటే పోతానండీ,” అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. “పో,” అన్నారు. “మన దాన్ని నేనే ఎగరేస్తాను.”

ఆ రోజునుంచి మూడు పూటలా రాగి అంబలి. నా వంట ముట్టలేదు. నేను వంకాయ కూర తాలింపు పెడుతుంటే వీధిలోకి వెళ్ళి నిలబడేవారు. మార్చికల్లా ఐదు మణుగులకు దిగారు. చొక్కా లోపల ఇంకొకరికి చోటున్నట్టుండేది. నేను సాయంత్రాలు పాలెంలో ఎగిరి, ఇంటికొచ్చి, తెల్లవారి ఆయన రెక్కలకు మాసికలు వేసేదాన్ని. ఏ పక్షం రహస్యమూ రెండో పక్షానికి చెప్పలేదు. ఒక్కసారి మాత్రం ఆయన తోక వంకరగా ఉందని చెప్పాను. అది భార్యగా చెప్పాను.

పండుగనాడు ఆయన ముందు ఎగిరారు. నిజంగా ఎగిరారు. ఆ మనిషి నేలను వదిలి, రెండు కాళ్ళూ దగ్గరగా ముడుచుకుని, అంత బుద్ధిగా గాలిలో పోతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై తొమ్మిది బారలు పోయి, పాలెం ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెట్టుకున్న పట్ట మీద పొట్ట ఆనించి దిగారు. లేచేసరికి ఒంటినిండా ఎండుచేపలు. వారం రోజులు మా ఇంటి చుట్టూ పిల్లులు తిరిగాయి.

నేను ముప్పై ఆరు ఎగిరాను. ఈసారి ఏ గుట్టకూ కాలు తగల్లేదు. కొలత తాడు పట్టింది మా ఆయనే. రెండుసార్లు కొలిచి, “ముప్పై ఆరు, ఒక జానెడు,” అని గట్టిగా చెప్పారు. జానెడు వదిలేయొచ్చని అయ్యగారు అంటే ఒప్పుకోలేదు.

పొట్టేలు మూడోసారి పాలేనికే వెళ్ళింది. ఆ రోజు భోజనాలు పెద్దాయన పందిరి కిందే. మూడు నెలల అంబలి తరువాత మా ఆయన ఎంత తిన్నారో చెబితే ఆయన పరువు పోతుంది. చేతులు కడుక్కునేటప్పుడు ఆయనా పెద్దాయనా ఇసుకలో పుల్లతో బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. మీ తోక, మా చాప, వెదురు ఇంత సన్నగా చీలిస్తే బరువు ఎంత తగ్గుతుంది, ఇట్లా. పొద్దు గుంకేదాకా లేవలేదు. అప్పుడే అయ్యగారు పసిగట్టి నాతో అన్నారు, “పోటీ అయిపోయిందమ్మా,” అని.

ఆయన అన్నట్టే అయింది. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి ఒకే యంత్రం చేశారు. ఎదుటి పక్షం లేక పోటీ ఆగిపోయింది. అయ్యగారు మళ్ళీ గోనెసంచి పందెం పెట్టుకున్నారు. కానీ ఆదివారం సాయంత్రాలు దిబ్బ దగ్గర జనం తగ్గలేదు. తూకం తక్కువ ఉన్నవాళ్ళెవరైనా సరే, వరసలో నిలబడితే ఎగరొచ్చు. ఎక్కువగా ఆడవాళ్ళే వచ్చేవాళ్ళు. ఇంట్లో చేపలు కడిగి, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, గోచి బిగించుకుని వచ్చేవాళ్ళు. కుట్టుక్లాసు పిల్లలు తాళ్ళు లాగేవాళ్ళు.

ఒక ఆదివారం పెద్దాయన భార్య వచ్చి నిలబడింది. యాభై అయిదు దాటిన మనిషి. “నీకెందుకు మే ఇది, ఎముకలు ఇరగతాయి,” అని పెద్దాయన అంటున్నా వినలేదు. తను కుట్టిన గుడ్డే కదా, అది తనను పడేయదని ఆమె ధీమా. మా ఆయన చంకల కింద కర్రలు సరిచేశారు. నేను ఒక తాడు పట్టుకున్నాను. ఆమె పరుగెత్తలేదు, నడిచింది. గాలే వచ్చి ఆమెను తీసుకుంది. నోట్లోని తమలపాకు నోట్లో ఉండగానే పదకొండు బారలు పోయి, మెత్తగా, పీట మీద కూర్చున్నట్టు దిగింది.

మేమంతా పరుగెత్తాం. ఆమె లేచి, చీర దులుపుకుని, ఆకు పక్కకు ఉమ్మి, దిబ్బ పైకి చూసింది.

“ఇంకొక తూరి పోతా,” అంది.